ఏ గొట్టం నుంచి వచ్చిన నీరు?

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోయాకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. శుద్ధి పూర్తయిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మందు కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. కేంద్రం నుంచి రోజుకు బయటికొచ్చే సుమారు 1,500 ఘనపు మీటర్ల నీటితో లెక్కగడితే, ఒక్క రోజులో 44 కిలోల మందు బయటికి పోతున్నట్టు తేలింది. స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అది. ఆ తర్వాత చర్చ చాలానే జరిగింది. ఆ నీరు చేరే వాగు గురించి, శుద్ధి కేంద్రం పనితీరు గురించి, మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి మాట్లాడారు. అవన్నీ మాట్లాడాల్సిన విషయాలే. కానీ వాటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వెనకబడిపోయింది. ఆ 44 కిలోలు ఫ్యాక్టరీల్లో ఏ గొట్టం నుంచి బయలుదేరాయి? కూలింగ్ టవర్‌లో యాంటీబయాటిక్ ఉండదు, బాయిలర్‌లోనూ ఉండదు. డబ్బుపెట్టి, శ్రమపడి, అమ్మకానికి తయారుచేసిన సరుకే అలా నీటిలో కలిసిపోయింది. రసాయన పరిశ్రమ వ్యర్థజలం గురించి తెలిసినవన్నీ ఒకచోట పేర్చి చూస్తే నాకు బలంగా అనిపించేది ఒకటే. మురుగు ఎంత పుట్టాలో, ఎలాంటిది పుట్టాలో తయారీ పద్ధతిని ఎంచుకున్న రోజే చాలావరకు నిర్ణయమైపోతుంది. మనం దాన్ని కొలిచేది మాత్రం గేటు దగ్గర, అన్నీ కలిసిపోయాక. అలా కొలిచినంత కాలం ఎంత పెద్ద శుద్ధి కేంద్రం కట్టినా అది గుడ్డిగానే పనిచేస్తుంది.

ఒక బల్క్ డ్రగ్, అంటే మాత్రలోని అసలు మందు, తయారయ్యే క్రమం చూస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. రియాక్టర్‌లో ముడిపదార్థాలను ఏదో ఒక ద్రావకంలో కలిపి చర్య జరిపిస్తారు. చర్య ముగిశాక ఇంకా చురుగ్గా ఉన్న రసాయనాన్ని అణచడానికి నీళ్ళు పోస్తారు. అప్పుడు రెండు పొరలు విడిపోతాయి. సరుకు ద్రావకంలో నిలుస్తుంది, ఆమ్లాలూ లవణాలూ నీటిలోకి దిగుతాయి. విడదీసి వదిలేసే ఆ నీటి పొర మొదటి వ్యర్థజలం. తర్వాత ద్రావకం పొరను మామూలు నీటితో, సోడా నీటితో, ఉప్పునీటితో కడుగుతారు. ప్రతి కడుగూ ఇంకో ప్రవాహం. చివర్లో సరుకును స్ఫటికాలుగా దించి సెంట్రిఫ్యూజ్‌లో వడకడతారు. పటికబెల్లం పలుకులు కట్టాక అడుగున పాకం మిగిలినట్టే, ఇక్కడా ఒక ద్రవం మిగులుతుంది. ప్లాంటులో దాన్ని మదర్ లిక్కర్ అంటారు. పాకంలో చక్కెర ఇంకా ఉన్నట్టే మదర్ లిక్కర్‌లో సరుకూ కరిగి ఉంటుంది. స్ఫటికంలోకి చేరని మలినాలన్నీ కూడా అందులోనే పోగవుతాయి. ఒక మందు తయారీలో ఇలాంటి దశలు నాలుగైదు ఉండవచ్చు, పది కూడా ఉండవచ్చు. ప్రతి దశకూ ఒక నీటి పొర, కొన్ని కడుగులు, ఒక మదర్ లిక్కర్. పటాన్‌చెరు నీటిలో దొరికిన యాంటీబయాటిక్‌లో ఎక్కువ పాలు ఈ చివరి దశల నుంచి, పాత్రలు కడిగిన నీటి నుంచి వచ్చి ఉండాలన్నది రసాయన తర్కం చెప్పే మాట. చెడిపోయిన బ్యాచ్‌లు, పొడి చేసే గదుల్లోని దుమ్ము కూడా కొంత కలిసి ఉండొచ్చు. ఎలా చూసినా చర్చ అంతా తయారీ గది లోపలే తిరుగుతుంది.

ఈ వ్యర్థంలో కొంత భాగం ఏ యజమాని నిర్లక్ష్యం వల్లా పుట్టింది కాదు. అది రసాయన సమీకరణంలోనే రాసి ఉంటుంది. ఎసిటిక్ యాన్‌హైడ్రైడ్‌తో పారాసిటమాల్ చేస్తే, ప్రతి 151 పాళ్ళ మందుకూ 60 పాళ్ళ ఎసిటిక్ ఆమ్లం పుట్టి తీరుతుంది. టన్ను పారాసిటమాల్ వెనక దాదాపు 400 కిలోల ఎసిటిక్ ఆమ్లం ఉందన్నమాట. దాన్ని వెనక్కి తీసుకోకపోతే అది నీటిలోకే పోతుంది. సాల్వే పద్ధతిలో సోడా యాష్ చేస్తే ప్రతి టన్నుకూ ఒక టన్నుకు పైగా కాల్షియం క్లోరైడ్ మిగులుతుంది. అమెరికాలో సిరక్యూస్ నగరం పక్కనున్న ఓనన్‌డాగా సరస్సు వందేళ్ళ పాటు ఆ లవణాన్ని మోసింది. వ్యర్థజలాన్ని ‘తటస్థం చేశాం’ అని నివేదికల్లో తరచూ కనిపించే మాటను కూడా ఈ వెలుగులోనే చదవాలి. ఒక టన్ను హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో తటస్థం చేస్తే 1.6 టన్నుల ఉప్పు తయారవుతుంది. పీహెచ్ 7కు వస్తుంది, నీరు నిమ్మళంగా కనిపిస్తుంది, కానీ ఆ ఉప్పు ఎక్కడికీ పోదు. బావిలోకి చేరాక దాన్ని ఏ సూక్ష్మజీవీ తినదు. రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు చదివితే ఈ లెక్క ఎంత భయంకరంగా పెరగగలదో తెలుస్తుంది. రంగుల తయారీకి పనికొచ్చే హెచ్ యాసిడ్ అక్కడ తయారైంది 375 టన్నులు. దాని వెంట పుట్టిన విషపు బురద 2,440 టన్నులు, మురుగునీరు 8,250 ఘనపు మీటర్లు. బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించిన ఇ-ఫ్యాక్టర్ లెక్క ప్రకారం, చమురు శుద్ధిలో కిలో సరుకుకు పుట్టే వ్యర్థం 100 గ్రాములైనా ఉండదు. మందుల తయారీలో అది 25 నుంచి 100 కిలోలకు పైన. అందులో మొదట నీటిని లెక్కలోకే తీసుకోలేదు. పచ్చని రసాయనశాస్త్రానికి తొలి కొలబద్ద తయారుచేసినవారికి కూడా నీరు ఉచితంగానే కనిపించిందన్న విషయం మనం గుర్తుపెట్టుకోవాలి.

చర్య పాత్ర బయట పుట్టే నీరు ఇంకో తరహా. అందులో మొదట చెప్పాల్సింది పాత్రలు కడిగిన నీరు. హైదరాబాద్ చుట్టుపక్కల చాలా యూనిట్లలో ఒకే రియాక్టర్‌లో ఈ నెల ఒక మందు, వచ్చే నెల ఇంకో మందు తయారవుతాయి. ముందరి మందు ఆనవాలు తర్వాతి దానిలోకి రాకూడదని నాణ్యతా నియమాలు గట్టిగా చెబుతాయి. ఆ నియమం రోగి ప్రాణానికి అవసరం. అయితే ఆ శుభ్రతకు చెల్లించే ధర నీటి రూపంలో ఉంటుంది. మొదటి కడుగులోనే మందు అవశేషం ఎక్కువగా వస్తుంది. దాన్ని తర్వాతి కడుగుల నుంచి వేరుచేసి పట్టకపోతే మొత్తం నీరంతా మందునీరవుతుంది. తర్వాతివి గాలి సంబంధమైనవి. థయోనిల్ క్లోరైడ్ వాడే చర్యలో హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ వాయువులు వస్తాయి. వాటిని స్క్రబ్బర్‌లో క్షారపు నీటితో పట్టేస్తే గాలి బాగుపడుతుంది, నీరు ఉప్పుబారుతుంది. వాటర్ జెట్ ఎజెక్టర్లతో వాక్యూమ్ లాగితే ద్రావకపు ఆవిరి నేరుగా నీటిలో కలుస్తుంది. నీరు వాడని పొడి వాక్యూమ్ పంపు పెడితే ఆ ప్రవాహం పుట్టనే పుట్టదు. కూలింగ్ టవర్ బ్లోడౌన్, బాయిలర్ బ్లోడౌన్, నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ, డీఎం ప్లాంట్లు వదిలే నీరు పరిమాణంలో పెద్దవే గాని గుణంలో చాలావరకు ఉప్పునీళ్ళే. ఇవి కాక వాన ఉంది. డ్రమ్ములు దించే చోట, ట్యాంకుల కింద, రోడ్ల మీద ఒలికినదంతా తొలి వానకు కొట్టుకొస్తుంది. ప్రమాదమూ ఉంది. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర సాండోజ్ గోదాం తగలబడినప్పుడు మంటలార్పడానికి వాడిన నీరే పురుగుమందులను రైన్ నదిలోకి మోసుకెళ్ళింది. నది ఎర్రబడింది, ఈల్ చేపలు కుప్పలుగా చచ్చాయి. తయారీ అన్నదే జరగని గోదాం నుంచి ఐరోపా అతిపెద్ద నదీ కాలుష్యాల్లో ఒకటి పుట్టింది.

ఇన్ని ప్రవాహాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎక్కువ విషం మోసే ప్రవాహాలు పరిమాణంలో చిన్నవి. మదర్ లిక్కర్, మొదటి నీటి పొర, మొదటి కడుగు లాంటివి మొత్తం నీటిలో కొద్ది భాగమే. వాటిని వేరుగా పడితే ద్రావకం తీసుకోవచ్చు, మందును నాశనం చేయవచ్చు, ఉప్పును ఒకే రకంగా రాబట్టవచ్చు. ఒకసారి కూలింగ్ టవర్ నీటితో, స్నానాల గదుల నీటితో కలిశాక అదే పదార్థం వేల లీటర్లలో పలచబడి, పట్టుకోవడానికి అందకుండా పోతుంది. ప్రమాణాలు కూడా ఈ పలచదనాన్ని దాటి చూడలేవు. బల్క్ డ్రగ్ పరిశ్రమ నీటికి సీఓడీ (మలినాల ఆక్సీకరణకు కావలసిన ఆక్సిజన్) పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. పటాన్‌చెరులో దొరికిన 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే కావలసిన ఆక్సిజన్ సుమారు 50 మిల్లీగ్రాములే. అంటే ఇంకే మలినమూ లేని నీటిలో అంత యాంటీబయాటిక్ ఉన్నా ఆ నీరు సీఓడీ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. బ్యాక్టీరియాలో నిరోధకత పెరగకుండా ఉండాలంటే అదే మందు లీటరుకు 0.06 మైక్రోగ్రాముల దగ్గర ఆగాలని లార్సన్ బృందమే 2016లో అంచనా కట్టింది. పటాన్‌చెరు నీటిలోని 31 మిల్లీగ్రాములకూ ఈ అంకెకూ మధ్య లక్షల రెట్ల తేడా ఉంది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టించిన ఆన్‌లైన్ మీటర్లు కూడా పీహెచ్, సీఓడీ, బీఓడీ లాంటివే, అదీ చివరి గొట్టం దగ్గరే కొలుస్తాయి.

ఫ్యాక్టరీ లోపల ఏ గొట్టం అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో మినమాటా చరిత్ర కన్నా బాగా చెప్పేది ఇంకొకటి నాకు తెలియదు. జపాన్‌లో చిస్సో కంపెనీ 1932 నుంచి పాదరసం ఉత్ప్రేరకంతో ఎసిటాల్డిహైడ్ తయారుచేసింది. అఖాతపు చేపలు తిన్నవారిలో కనిపించిన మినమాటా వ్యాధిని 1956లో అధికారికంగా గుర్తించారు. 1958లో కంపెనీ తన మురుగుకాలువను అఖాతం నుంచి మళ్ళించి మినమాటా నది ముఖద్వారం దగ్గర కలిపింది. కొన్నాళ్ళకే అక్కడ కొత్త రోగులు పుట్టుకొచ్చారు. 1959లో కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హోసోకావా ఒక పని చేశాడు. ఫ్యాక్టరీ మొత్తం నీరు కాకుండా, ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చే నీటినే తెచ్చి ఒక పిల్లికి పెట్టాడు. ఆ పిల్లికి అదే వ్యాధి వచ్చింది. జవాబు దొరికింది. కంపెనీ దాన్ని బయటికి రానివ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో సైక్లేటర్ అనే శుద్ధి యంత్రాన్ని ఘనంగా ప్రారంభించింది. కరిగిన పాదరస సమ్మేళనాన్ని తీసేలా ఆ యంత్రాన్ని తయారుచేయనే లేదు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకునే సరికి 1968 వచ్చింది. ఆ తొమ్మిదేళ్ళలో ఇంకా ఎన్ని కుటుంబాలు ఆ చేపలు తిన్నాయో తలచుకుంటే, మూలాన్ని కనిపెట్టే పరీక్ష ఒక సాంకేతిక వివరం మాత్రమే అని ఎవరూ అనలేరు.

మన దగ్గర కథ ఇంకో దారిలో నడిచింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో పెట్టిన సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు రసాయన నిపుణులను తయారుచేసింది. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంట్ ఇవ్వలేదు. ఈ రెండూ కలిసి జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో చిన్నచిన్న యూనిట్లను మొలిపించాయి. పేద దేశాలకు చవగ్గా మందులు అందించిన ఘనత వాటిది. అందులో వంక పెట్టను. కానీ ఆ యూనిట్లు నిలబడింది నదీతీరంలో కాదు, ఎండాకాలంలో ఎండిపోయే చెరువులూ వాగులూ ఉన్న రాతినేల మీద. పలచబరిచేందుకు నీరు లేని చోటు అది. నీరు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరిలోకి చేరేది. 1990లో ఈ కాలుష్యంపై కేసు సుప్రీంకోర్టు గడప ఎక్కింది. తర్వాత రాష్ట్ర హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కు మారింది. 1989లో జీడిమెట్లలో, 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. దాదాపు 90 ఫ్యాక్టరీల నీరు ట్యాంకర్లలో పటాన్‌చెరు కేంద్రానికి చేరేది. అన్ని మందుల నీళ్ళూ ఒకే చోట కలిసేవి. ఉప్పు ఎక్కువైతే సూక్ష్మజీవులు బతకవు కాబట్టి వాటికి ఊతంగా ఇళ్ళ మురుగునీటిని కూడా కలిపేవారు. మనిషి పేగుల్లోని బ్యాక్టీరియాకు, గాఢమైన యాంటీబయాటిక్‌కు అంతకన్నా దగ్గరి పరిచయం ఇంకెక్కడ దొరుకుతుంది? చివరికి 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి ఆ నీటిని నగరపు మురుగుకాలువల ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అటునుంచి మూసీలోకి మళ్ళించారు. గోదావరి పరీవాహకంలో పుట్టిన మురుగు కృష్ణా పరీవాహకానికి మారింది. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. చిస్సో 1958లో చేసిన పనికీ దీనికీ ఉద్దేశంలో తేడా ఉండొచ్చు. నీటి వైపు నుంచి చూస్తే పెద్ద తేడా లేదు.

ఇప్పుడు చుక్క నీరు కూడా బయటికి వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతి వచ్చేసింది కదా, ఇంకా ఈ గొడవెందుకు అని అడిగేవారున్నారు. గంభీరంగా తీసుకోవాల్సిన ప్రశ్నే. ఎక్కువ ఉప్పున్న నీటిని స్ట్రిప్పర్‌కు, మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌కు, చివర డ్రయ్యర్‌కు పంపడం, తక్కువ ఉప్పున్న నీటిని జీవశుద్ధికి, ఆర్‌ఓకు పంపడం నిజమైన ముందడుగే. ఎందుకంటే దానికోసం ఫ్యాక్టరీలు మొదటిసారి తమ ప్రవాహాల్ని కనీసం రెండుగా విడదీయాల్సి వచ్చింది. అయితే ఆవిరి చేయడం నాశనం చేయడం కాదు. నీరు ఆవిరవడానికి బొగ్గు మండాలి. తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకాలు స్ట్రిప్పర్‌ను తప్పించుకుంటే చల్లారిన నీటితో పాటే వచ్చేస్తాయి. మిగిలిన ఉప్పు రకరకాల లవణాలూ సేంద్రియాలూ కలిసిన ముద్ద. దాన్ని ఎవరూ కొనరు. అది దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్ళి, వాన తగలకుండా తరతరాలు కప్పి ఉంచాల్సిన బాధ్యతగా మారుతుంది. పైగా ఆవిరి ఖర్చు ఎక్కువ కాబట్టి, వాన పడిన రాత్రి వాల్వు తిప్పేయాలన్న ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. గేటు బయటికి చుక్క రాదని కాగితం మీద రాసుకున్న చోట, గేటు దగ్గరి మీటరు ఏం రుజువు చేస్తుంది? లోపలికి ఎంత ముడిపదార్థం వచ్చింది, ఎంత సరుకు, ఎంత ద్రావకం, ఎంత ఉప్పు బయటికి వెళ్ళింది అన్న లెక్క సరిపోయిందో లేదో చూడటమే అక్కడ మిగిలిన పరీక్ష.

ఖర్చు మాటకు వస్తే, మూలంలో మార్పు ఎప్పుడూ నష్టమే కాదని నిరూపించిన ఉదాహరణలు ఉన్నాయి. 1960లలో బూట్స్ కంపెనీ కనిపెట్టిన ఇబుప్రొఫెన్ పద్ధతిలో ఆరు దశలుండేవి. ముడిపదార్థాల బరువులో 40 శాతమే మందులోకి చేరేది. పైగా అల్యూమినియం క్లోరైడ్‌ను పెద్ద మొత్తంలో వాడి నీటితో అణచాల్సి వచ్చేది. 1992లో టెక్సస్‌లోని బిషప్‌లో మొదలైన కొత్త ప్లాంటు మూడు దశల్లో అదే మందు చేసింది. మందులోకి చేరే వంతు 77 శాతానికి పెరిగింది, అల్యూమినియం క్లోరైడ్ అవసరమే లేకపోయింది. ఫైజర్ సెర్ట్రాలిన్ పద్ధతిని మార్చినప్పుడు ద్రావకం వాడకం పదో వంతుకు తగ్గింది, దిగుబడి రెట్టింపైంది, ఏటా 440 టన్నుల టైటానియం డయాక్సైడ్ వ్యర్థం, 150 టన్నుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వ్యర్థం పుట్టడం ఆగిపోయింది. ఈ తగ్గింపులేవీ శుద్ధి కేంద్రంలో జరగలేదు. అయినా ఈ వాదాన్ని మరీ లాగకూడదు. పెన్సిలిన్ నుంచి, వేరే యాంటీబయాటిక్‌లకు ముడిసరుకైన 6-ఏపీఏ తీయడానికి ఒకప్పుడు మైనస్ 40 డిగ్రీల చలిలో ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, మిథిలీన్ క్లోరైడ్ వాడేవారు. ఇప్పుడు ఎంజైమ్ ఆ పనిని గోరువెచ్చని నీటిలో చేస్తుంది. చాలా మంచి మార్పు. కానీ ఆ నీరు మందు తాకిన నీరే, దాన్నీ పట్టాల్సిందే. అలాగే ద్రావకాన్ని, సరుకును వెనక్కి రాబట్టడం ఒక హద్దు దాకానే లాభం. చివరి కొద్దిపాటి మిల్లీగ్రాముల్ని పట్టడానికి ఏ యజమానికీ డబ్బు కలిసిరాదు. యాంటీబయాటిక్ విషయంలో హాని చేసేది సరిగ్గా ఆ చివరి మిల్లీగ్రాములే. అందుకే మార్కెట్‌కు వదిలేస్తే సరిపోదు, నియమం కావాలి. మన ప్రభుత్వం 2020 జనవరిలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులతో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు విడుదల చేశాక, ఆ వెనకడుగుకు సమర్థన మరీ బలహీనపడింది.

మూసీని పాడుచేసింది ముఖ్యంగా ఇళ్ళ మురుగే కదా, ఫ్యాక్టరీల వెంట పడటం ఎందుకన్న మాట కూడా వింటుంటాం. పరిమాణంలో అది నిజం. నగరపు మురుగు ముందు మందుల కంపెనీల నీరు కొద్దిగానే కనిపిస్తుంది. కానీ ఇళ్ళ మురుగు సూక్ష్మజీవులు తినగలిగేది. కొద్దిపాటి ఫ్యాక్టరీ నీరు ఆ సూక్ష్మజీవుల్నే మారుస్తుంది. పరిమాణంతో పోల్చి ఒకదాన్ని పక్కన పెట్టే తర్కం, నేను ముందు చెప్పిన పలచబరిచే తర్కమే. ఇంకొకటి వ్యాపార రహస్యం. ప్రవాహాల వివరాలు బయటపెడితే పోటీదారులు పద్ధతిని కనిపెట్టేస్తారంటారు. ఏ దశ నుంచి ఎంత నీరు, అందులో ఎంత ఉప్పు, ఎంత సీఓడీ, ఎంత మందు అవశేషం అని చెబితే చర్య మార్గం బయటపడదు. పైగా ఈ సమాచారం ఇప్పటికే కాగితం మీద ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద అనుమతి కోరే బల్క్ డ్రగ్ యూనిట్ నీటి లెక్క ఇవ్వాలి. ఎక్కువ ఉప్పున్న నీరెంత, తక్కువ ఉప్పున్న నీరెంత అన్నది ఆ నివేదికల్లో విడివిడిగా కనిపిస్తుంది. సారాంశాన్ని స్థానిక భాషలో ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పెట్టాలి. ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పేది ఆ అంచనాను చూసే. అయితే అది ఫ్యాక్టరీ కట్టకముందు వేసిన అంచనా. ప్లాంటు నడవడం మొదలయ్యాక అదే పట్టికను, అవే గడులతో, ఈసారి ప్రవాహాల వారీగా కొలిచిన అంకెలతో నింపి ఏటా అదే ఊరి పంచాయతీ కార్యాలయంలో తెలుగులో పెట్టాలన్న నిబంధనను అనుమతి షరతుల్లో చేర్చవచ్చు. మదర్ లిక్కర్‌కు, మొదటి కడుగుకు విడి ట్యాంకులు, వాటి మీద విడి మీటర్లు ఉంటే ఆ పట్టిక నింపడం కష్టం కాదు. ట్యాంకులు లేని చోట గడులు ఖాళీగా మిగులుతాయి. అప్పుడు నియంత్రణ మండలి ఇంజనీరు తనిఖీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ ఖాళీ గడే చూపిస్తుంది.